తాత చెక్కిన కొంగ

మూడు తరాలుగా చెక్క అచ్చులతో బొమ్మలు వేస్తున్న జపనీయ కుటుంబం పోర్ట్‌లాండ్‌లో అచ్చు తీసి చూపిస్తుందని తెలిసి బయలుదేరాను. బడికి వెళ్ళని నాకు అక్షరాలూ బొమ్మలూ నాన్నే దిద్దించారు. అలాంటి ఇల్లు ఇంకొకటుందంటే చూడకుండా ఎలా?

శనివారం రెడ్‌మండ్ నుంచి పక్కింటి సుజాత సియాటిల్ స్టేషన్ దాకా డ్రైవ్ చేసింది. ఏడున్నర రైలు. దైవకృప, కిటికీ సీట్లే దొరికాయి. పులిహోర డబ్బా తెరవగానే, "అక్కా, స్మెల్! అందరూ చూస్తున్నారు" అంది. తర్వాత సగం డబ్బా తనే ఖాళీ చేసింది.

పదకొండుకి దిగి ట్రామ్ ఎక్కితే గ్యాలరీ దగ్గరే ఆగింది. జనం వైన్ గ్లాసులు పట్టుకుని ఒకరికొకరు తలలూపుకుంటున్నారు. బొమ్మలు మాత్రం గోడల మీద ఒంటరిగా ఉన్నాయి. సుజాత తక్కువ తిందా? ఒక బొమ్మ చూపించి, "మన సోఫా పైన సూపర్ మ్యాచింగ్ అక్కా!"

బల్ల ముందు ఆ ఇంటి మూడో తరం ఎమికో, అరవై దాటిన మనిషి. ఎదుట ఆమె తాత చెక్కిన కొంగ అచ్చు. ఏటా దాని మీద ఒక్క కాగితమైనా తీయడం వాళ్ళింటి ఆనవాయితీ. గ్యాలరీ యజమాని దాన్ని కొని అద్దాల పెట్టెలో పెడతాడట. ఆ డబ్బు రాకపోతే స్టూడియో ఖాళీ చేయాలని ఆమే మాతో చెప్పింది.

"ఇవాళ వేరే చెక్కతో చూపించండి. ఇది తడిస్తే విలువ పోతుంది," అన్నాడాయన, గర్భగుడిలో పూజారిలా గొంతు తగ్గించి.

"మా నాన్న ఏటా తడిపాడు. అయినా కొంటానన్నారుగా?" అంది ఎమికో.

ఆమె కుంచెతో సిరా పూసింది. తడి కాగితాన్ని చెక్క మూలనున్న గాటుకి ఆనించి, వెదురాకు చుట్టిన బిళ్ళతో రుద్దింది. కాగితం లేపితే కొంగ రెక్కలో రెండు గీతలు లేవు, అరిగిపోయాయి.

"ఇక నేను కొనను," అన్నాడాయన.

ఎమికో చెక్క కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టుకుంది.

వెళ్ళేవాళ్ళు టికెట్లు ముందే బుక్ చేసుకోండి. గ్యాలరీ బిస్కట్లని నమ్ముకోకండి.

తిరుగు రైల్లో, "పిచ్చిది అక్కా, చేతికొచ్చిన డబ్బు!" అంది సుజాత. మా పూజగదిలో కృష్ణుడికి అభిషేకాలతో ముక్కు అరిగింది. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అద్దాల్లో పెట్టమనలేదు. ఎమికో స్టూడియో నిలవాలని దణ్ణం పెట్టుకున్నాను.

సుజాత గ్యాలరీలో కొన్న కాఫీ కప్పు తీసి చూపించింది. దాని మీద అదే కొంగ, మెషీన్ వేసింది. ఒక్క గీతా అరగలేదు.