అరవై అని రాసి ఉన్న సైకిలు

సైకిలు కడ్డీ మీద పచ్చ స్టిక్కరు ఒకటి ఉండేది. దాని మీద అరవై అని పెద్ద అంకె, పక్కన కి.మీ. అని చిన్న అక్షరాలు. ఆ అంకె రాసిన మహానుభావుడు ఎప్పుడైనా కంటబడితే, అదే సైకిలు మీద కూర్చోబెట్టి, బంగారుపేట దాటించి, ఎండలో వదిలేసి రావాలని నా కోరిక. ఈ వయసులో ఇంతకన్నా పెద్ద కోరికలు నాకు లేవు.

నేను పెళ్ళి గౌన్లు కుట్టేదాన్ని. కేజీఎఫ్‌లో బంగారు గని లైన్లలోనే, అంటే గని పనివాళ్ళ ఇళ్ళ వరసల్లోనే పుట్టాను, అక్కడే కుట్టు నేర్చుకున్నాను. గనులు మూతపడ్డాక ఊళ్ళో సగం మంది తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్ళు. ఎక్కడ పని చేసినా పెళ్ళి గౌను మాత్రం నా మిషను మీదే కుట్టించుకునేవాళ్ళు. ఈ సైకిలు వచ్చేదాకా ఒక్క పెళ్ళికి కూడా నేను ఆలస్యంగా వెళ్ళలేదు. నా గొప్ప ఏదైనా ఉందంటే అదొక్కటే.

మా ఆయన గనిలో ల్యాంప్ రూంలో పనిచేశాడు. లోపలికి దిగేవాళ్ళ టోపీ దీపాల బ్యాటరీలు చార్జి చేసి, పరీక్షించి, కిటికీలోంచి చేతికిచ్చే గది అది. షిఫ్టు ఎనిమిది గంటలైతే, పన్నెండు గంటలు వెలుగుతుందని నమ్మకం కుదిరితేనే దీపం కిటికీ దాటేది. మా నాన్న ఆ దీపాలతోనే దిగాడు, ఆ దీపాలతోనే పైకొచ్చాడు. అందుకే మా ఇంట్లో బ్యాటరీ మీద రాసిన అంకెను ఎవరూ అనుమానించేవాళ్ళం కాదు. అది చెప్పిన దానికన్నా ఎక్కువే పనిచేస్తుందని మా లెక్క. ఎంత అమాయకులమో చూడండి.

కరెంటు సైకిలు ఆయనే కొనుక్కొచ్చాడు. కొట్టువాడు ఏం చెప్పాడో మొత్తం అప్పజెప్పాడు.

"అరవై కిలోమీటర్లంటే ఎనభై వస్తాదిమే. కంపెనీవాడు ఎప్పుడూ తక్కువే రాస్తాడు. మా ల్యాంపులు చూడలేదా?"

"నీ ల్యాంపులు సరేగాని, దీన్ని నువ్వు పరీక్ష చేసినావా?" అన్నాను.

"కొత్తదానికి పరీక్ష ఏంది!"

పరీక్ష లేకుండా కిటికీలోంచి ఒక్క దీపం బయటికివ్వని మనిషి అన్న మాట అది! కొట్టువాడి తియ్యటి మాటలు అంత పని చేశాయి. ఆ తర్వాత సైకిలు మీద మార్కెట్టుకూ చర్చికీ తిరగడం, రాత్రి కాగానే చార్జికి పెట్టడం. రోజుకు నాలుగైదు కిలోమీటర్లు దాటితే కదా దాని బండారం బయటపడేది! "ఇంకా నాలుగు గీతలుండాయి చూడు" అని వచ్చినవాళ్ళందరికీ డిస్‌ప్లే చూపించేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా లోలోపల నేనూ నమ్మాను, అబద్ధమెందుకు.

ఇంతలో కోలారు దగ్గర తమక అనే ఊళ్ళో ఒక పెళ్ళికి గౌను కుట్టాను. ఆ పెళ్ళికూతురు వాళ్ళు మా లైన్ల నుంచి అక్కడికి వెళ్ళిపోయినవాళ్ళే. వాళ్ళ అమ్మ పెళ్ళికి గౌను కుట్టించుకునే స్తోమతు లేక తెల్ల చీరతో కానిచ్చేశారు. అందుకే కూతురు గౌనులోనే నడవాలని ఆ తల్లికి పట్టుదల. "అక్కా, నాకు కుదరలేదు, దానికన్నా కుదరనీ" అని నా చేతులు పట్టుకుంది. ఆ పిల్ల కొలతలు ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి నిలబడింది. రెండు నెలలు ఆ గౌను తప్ప ఇంకో గుడ్డ ముట్టలేదు.

ముందు రోజే ఇచ్చి రావచ్చు కదా అని మీరనవచ్చు. కుదరదు. గౌను అంచుకు చివరి కుట్టు పెళ్ళినాటి ఉదయం, పెళ్ళికూతురి ఒంటి మీద ఉండగానే వేయాలి. ముందే పూర్తయిపోతే పెళ్ళి నిలవదని మా లైన్లలో ముసలమ్మల మాట. తెల్లదొరసానులు నేర్పిపోయారో, మనవాళ్ళే కల్పించారో తెలియదు. తరాలుగా అలాగే వేశాం. కాబట్టి గౌనూ నేనూ సూదీ పెళ్ళిరోజే బయలుదేరాలి.

ఎప్పుడూ బస్సులోనే పోయేదాన్ని. అంతకుముందు పెళ్ళికి బస్సులో ఎవరో ఎండుచేపల బుట్ట తెచ్చి గౌను పెట్టె మీద పెట్టారు. ఆ వాసన పోగొట్టేసరికి నా ప్రాణం తోకకొచ్చింది. అదే సాకుగా మా ఆయన సైకిలు ముందుకు తోశాడు.

"ముప్పై కిలోమీటర్లు. పోనూ రానూ ఇదే సరిపోతాది. నువ్వు తొక్కేది కూడా వద్దు, దొరసాని మాదిరి కూర్చో."

ఏడు గంటలకు పెట్టె కారియరుకు కట్టి దొరసాని మాదిరి కూర్చున్నాను. పది గంటలకు పెళ్ళి. చేతిపిడి తిప్పితే సైకిలు జోరుగా పోయింది. బంగారుపేట దాటేదాకా నాలో నేను పాట పాడుకుంటూ ఉన్నాను. మూడు గీతలు ఉండేవి. ఎత్తు ఎక్కుతుంటే ఎదురుగాలి కొట్టింది, మూడు రెండయ్యాయి. ఇంకో ఎత్తు, ఒకటి. ఆ ఒకటి కూడా కళ్ళ ముందే ఆరిపోయింది. గని దీపం చావబోయే ముందు ఎర్రబడి, మనిషికి పైకి రావడానికి టైమిచ్చేది. దీనికి ఆపాటి మర్యాద కూడా లేదు. ఇరవై కిలోమీటర్లకే చచ్చింది, పాడుది.

సరే, తొక్కుదామని చూశాను. బ్యాటరీ చచ్చిన ఆ సైకిలు తొక్కడమంటే తిరగలి రాయి ఈడ్చినట్టే. ఫోను చేశాను.

"కంగారుపడొద్దు," అన్నాడు మా ఆయన. "బ్యాటరీకి రెస్టు ఇవ్వు. పదిహేను నిమిషాలు చాలు, మళ్ళా పట్టుకుంటాది. మా ల్యాంపులకి అట్లే చేసేవాళ్ళం."

నేను ఆ మాట వినకుండా వచ్చిన బస్సుకు చెయ్యెత్తి ఉంటే ఈ కథే లేదు. కానీ ల్యాంప్ రూం మాట! చిన్నప్పటి నుంచి ఆ గది మాటే మా ఇంటి నమ్మకం. పైగా కొత్త సైకిలును రోడ్డు పక్కన వదలడానికి మనసొప్పలేదు. చింతచెట్టు కింద గౌను పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పడుకున్న పసిబిడ్డను చూసినట్టు బ్యాటరీని చూస్తూ కూర్చున్నాను. నిజంగానే ఒక గీత వెలిగింది. ఎక్కాను. ఫర్లాంగు పోయి మళ్ళీ పడుకుంది. మళ్ళీ రెస్టు. మళ్ళీ ఫర్లాంగు. ఇలా నాలుగుసార్లు. కోలారు బస్సులు రెండు నా ముందే పోయాయి. పెళ్ళిళ్ళ రోజు కదా, తలుపు దగ్గర కూడా మనుషులే. ఆ పిల్ల అద్దం ముందు ఉత్త లంగాతో నిలబడి నా కోసం చూస్తూ ఉంటుందని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ స్టిక్కరును తిట్టాను. నాకొచ్చిన మూడు భాషలూ అయిపోయాయి.

చివరికి టమాటా టెంపో ఒకటి ఆగింది.

"యాడికమ్మా? ఏమైనాది?" అన్నాడు డ్రైవరు.

"తమకకి పోవాలప్పా! అరవై కిలోమీటర్ల సైకిలంట, ఇరవైకే చచ్చినాది."

"ఓ, కరెంటుదా! నా బామ్మర్దికీ ఇదే కథ. అరవై అంటే యాభై కిలోల మనిషి, చదునైన రోడ్డు, కాలితో తొక్కతా ఉండాల. చిన్నక్షరాల్లో అంతా రాసే ఉంటాదమ్మా, ఎవరు చదవతారు?"

యాభై కిలోలు నేను నా పెళ్ళినాటికే దాటాను. డెబ్బై రెండు కిలోల మనిషిని ఎత్తుల మీద, గాలికి ఎదురుగా, కాలు కదపకుండా మోయమంటే ఏది మోస్తుంది? ఇంత చిన్న సంగతి కొట్టువాడు చెప్పలేదు, మేం అడగలేదు. సైకిలు టమాటా పెట్టెల మీదికెక్కింది. ఎక్కడ ఎర్ర మరక పడుతుందోనని గౌను పెట్టెను క్యాబిన్‌లో గుండెలకు ఆనించి పట్టుకున్నాను.

చర్చి దగ్గర దిగేసరికి పదింపావు దాటింది. లోపల పాట వినిపించింది. తలుపు దగ్గరకు పరుగెత్తి చూస్తే ఆ పిల్ల పాస్టరుగారి ముందు నిలబడి ఉంది, వాళ్ళమ్మ పెళ్ళినాటి తెల్లచీరలో. తర్వాత ఇంకో పెళ్ళి ఉందని పాస్టరుగారు ఇంక ఆగలేదట. ఆ తల్లి తలుపు వైపు తిరిగి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. మళ్ళీ ముందుకు తిరిగింది.

పాట అయ్యాక వెనక గదిలో గౌను తొడిగాం, ఫోటోల కోసం. తల ఎత్తకుండానే అంచుకు చివరి కుట్టు వేశాను. "పర్వాలేదు ఆంటీ, చాలా బాగుండాది" అని ఆ పిల్లే నన్ను ఓదార్చింది. పెళ్ళయిపోయిన పిల్ల ఒంటి మీద చివరి కుట్టు వేసిన దర్జీని మా లైన్లలో నేనొక్కతినే అయ్యుంటాను.

ఇంటికొచ్చాక మా ఆయనతో మాటలు మానేశాను. నాలుగో రోజు ఆయన తనతో కలిపి సరిగ్గా నా బరువుకు తూగేలా ఇసుక మూటలు కట్టుకుని, నిండా చార్జి చేసి, అదే రోడ్డు మీద అది చచ్చేదాకా నడిపాడు. వారంలో మూడుసార్లు. ల్యాంప్ రూంలో చేసిన పనే, ఆలస్యంగా. తర్వాత స్టిక్కరు గీకేసి, తెల్ల పెయింటుతో పదిహేను అని రాశాడు.

"ఇరవై వచ్చింది కదా?" అన్నాను. అదే మా మొదటి మాట.

"దీపం మీద అంకె లోపలికి దిగేవాడి కోసం రాసేవాళ్ళంమే. వీళ్ళు కొనేవాడి కోసం రాసినారు," అన్నాడు తల వంచుకుని.

కొన్ని నెలలకు ఆ తల్లి ఆల్బం తీసుకుని మా ఇంటికొచ్చింది. పేజీ పేజీకీ నా గౌనే, మడత చెదరకుండా. పాస్టరుగారి ముందున్న ఫోటో వచ్చేసరికి మా ఆయన గబుక్కున పేజీ తిప్పేశాడు. నేను వెనక్కి తిప్పాను. ఆ చీరలో పిల్ల నవ్వుతూ ఉంది. ఆల్బంలో అన్నిటికన్నా బాగున్నది ఆ ఫోటోనే. అందులో నేను వేసిన కుట్టు ఒక్కటి కూడా లేదు.