ప్రొఫెసర్ కాల్డర్ ఇవ్వని మాట

ఆసుపత్రి వరండాలో నేల తుడిచిన నీళ్ల నుంచి క్లోరిన్ వాసన గుప్పుమంటే ఇప్పటికీ నా అడుగు ఆగిపోతుంది. ఆ వాసన నన్ను ఎనభైల తొలినాళ్ల అమెరికాకు, ఆర్కన్సా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి కోర్టు గదికి లాక్కుపోతుంది. అక్కడ నా పక్కన కూర్చున్నది ప్రొఫెసర్ రూత్ కాల్డర్. మా లా కాలేజీలో కార్మిక చట్టం చెప్పేవారు. క్లాసులో ఎవరైనా "వర్కర్లు" అంటే, "ఏ వర్కర్? పేరు చెప్పు" అని ఆపేసేవారు. లాయరును పెట్టుకోలేని కార్మికుల కేసులను విద్యార్థులమైన మా చేత నడిపించే లీగల్ క్లినిక్ ఆమెదే.

ఆ ఏడాది మా దగ్గరికి, కోళ్లను కోసి క్లోరిన్ నీళ్లలో కడిగి అమ్మే ఒక ఫ్యాక్టరీ కేసు వచ్చింది. మాంసం దొంగతనంగా బయటికి పోతోందని మేనేజరు వెనక తలుపుకు గొలుసు వేయించాడు. ఒకరోజు మోటారు కాలి పొగ కమ్మేస్తే, లోపల పనిచేస్తున్న ఆడవాళ్లు ఆ తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి ఉక్కిరిబిక్కిరయ్యారు. అదృష్టం, ప్రాణాలు పోలేదు. మర్నాడు గొలుసు తీస్తేగానీ లోపలికి రామని గేటు బయట నిలబడితే, అందరినీ పనిలోంచి తీసేశారు.

విచారణ దగ్గరపడుతుండగా మా కాలేజీ డీన్ ప్రొఫెసర్‌ను పిలిపించారు. ఫ్యాక్టరీ యజమాని యూనివర్సిటీ ట్రస్టీల్లో ఒకడు. తిరిగొచ్చిన ప్రొఫెసర్ కోటు కూడా విప్పకుండా, "కేసు వదలకపోతే క్లినిక్ ఉండదట. తప్పుకోవాలనుకుంటే ఇప్పుడే తప్పుకోండి. నేనేమీ అనుకోను" అన్నారు. ఇంటికెళ్లి చెబితే మా ఆయన తింటున్న పళ్లెం పక్కకు నెట్టేశాడు. "మనం వీసా మీద ఉన్నాం సుధా. పెద్దవాళ్లతో ప్రాబ్లమ్ తెచ్చుకుంటే రేపు గ్రీన్‌కార్డ్ సంగతేంటి?" అయినా విచారణకు వెళ్లాను.

మా ముఖ్య సాక్షి గ్లోరియా, పనిలోంచి తీసేసిన ఆడవాళ్లలో ఒకామె. ఆమె భర్త ఇంకా అదే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. విచారణ రోజున మేనేజరు అతన్ని తెచ్చి మొదటి వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. షిఫ్టు నుంచి నేరుగా తీసుకొచ్చినట్టున్నాడు, అతని బట్టల క్లోరిన్ వాసన గదంతా కమ్మింది. గ్లోరియా గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా వల్ల కాదు" అంది బయట వరండాలోకి వచ్చేసి.

"మీరు చెప్పకపోతే మిగతావాళ్లంతా..." అని నేను మొదలుపెట్టగానే ప్రొఫెసర్ నా చెయ్యి పట్టుకున్నారు. "సుధా, సాయంత్రానికి మనం కారెక్కి వెళ్లిపోతాం. ఆమె బతకాల్సింది ఇక్కడే."

"చెబితే నా ఉద్యోగం నాకొస్తుందా?" అని గ్లోరియా అడిగింది.

"తెలీదు. మాట ఇవ్వలేను. మీ ఆయన ఉద్యోగం కూడా పోవచ్చు. మీరు వద్దంటే లోపలికెళ్లి సాక్షి లేరని చెప్పేస్తాను."

తప్పకుండా వస్తుందని ఒక్క మాటంటే ఈవిడ సొమ్మేం పోయింది అని మనసులో మండిపడ్డాను.

"అందరూ ఏం కాదు, ఏం కాదు అంటున్నారు. అందుకే ఇంకా భయమేసింది. తెలీదన్నది మీరొక్కరే" అంటూ గ్లోరియా లోపలికి నడిచింది.

"అంత పొగలో నీకు గొలుసెలా కనిపించింది?" అని కంపెనీ లాయరు వెటకారంగా అడిగాడు.

"కనిపించలేదు. చేత్తో పట్టుకున్నాను. వేడిగా ఉంది."

ఆమె భర్త తల వంచుకుని ఏడుస్తున్నాడు.

చాలా నెలలకు తీర్పు వచ్చింది, అందరినీ తిరిగి పనిలోకి తీసుకోమని. ఈలోగా గ్లోరియా భర్తను తీసేశారు. దానిమీద వేసిన కేసు ఓడిపోయాం. క్లినిక్ మూతపడింది. ప్రొఫెసర్ మాత్రం పాఠాలు చెబుతూనే, తాళం వేసిన తలుపుల గురించి శాసనసభ కమిటీల ముందు ఏళ్ల తరబడి మాట్లాడుతూ వచ్చారు.

నేనూ కార్మికుల లాయర్‌నే అయ్యాను. కోర్టు వరండాలో సాక్షులు నన్ను గ్లోరియా అడిగిన ప్రశ్నే అడుగుతారు. అవునని అనేయాలని ప్రతిసారీ నాలుక చివరిదాకా వస్తుంది. "తెలీదు" అంటాను. కొందరు నాతో లోపలికి వస్తారు. కొందరు ఇంటికి వెళ్లిపోతారు. వెళ్లేవాళ్లకు తలుపు తీసి పట్టుకుంటాను.