మనిషికో మేకు

లిఫ్టులు బాగుచేసే మా కంపెనీలో అందరూ మా అమ్మమ్మని మేకుల మామ్మ అంటారు. ఆవిడ కుర్చీ వెనక ఒక చెక్క బోర్డు, దాని మీద పద్నాలుగు మేకులు, మెకానిక్కుకి ఒకటి చొప్పున. పనికి వెళ్లినవాడి మేకుకి చీటీ, దాని మీద ఎర్ర రేకు బిళ్ల తగిలిస్తుంది. పని ముగించాక వాడే ఫోను చేసి, సొంత గొంతుతో "బయటికొచ్చాను మామ్మా" అనాలి. అప్పుడే బిళ్ల తీస్తుంది, భవనంవాళ్లకి కరెంటు వేసుకోమని చెబుతుంది. పక్కవాడు చెబితే ఒప్పుకోదు. జలుబుతో గొంతు మారిన ఒకడిని పావుగంట ప్రశ్నలేసి, వాడి అత్తగారి కాలునొప్పి దాకా వెళ్లింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వరస.

నేను తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని. అయినా కంప్యూటరు ముందు కూర్చుంటే నా అంతటిది లేదని నాకొక నమ్మకం. పనులు చూసుకోవడానికి కొత్త సాఫ్టువేరు వచ్చినప్పుడు మేనేజరు దాన్ని నా చేతిలోనే పెట్టాడు. తెరవగానే అది అడిగింది, పనులు ఎలా పేర్చాలని. భవనం వారీగానా, రోజు వారీగానా, మనిషి వారీగానా?

"మనిషి వారీగా," అంది అమ్మమ్మ.

"పద్నాలుగు వరసలైతే తెర పట్టదు మామ్మగారూ," అన్నాడు మేనేజరు. "ఫోను చేసేవాళ్లు మా భవనం సంగతేంటంటారు గానీ, మీ మెకానిక్కు ఎలా ఉన్నాడని అడగరు కదా."

"వాళ్లు అడగరనే నేను అడుగుతాను."

"నీ మేకులకి తుప్పు పట్టింది అమ్మమ్మా," అన్నాను నేను.

"నువ్వు తళతళలాడుతున్నావులే."

చివరికి భవనానికి ఒక కార్డు పెట్టాం. చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి అని మూడు గడులు. కార్డు మూడో గడిలోకి వెళ్లగానే, కరెంటు వేసుకోవచ్చని ఆ భవనం కాపలాదారుకి దానంతటదే మెసేజ్ పోతుంది. ఆ ఏర్పాటు నాదే. బోర్డుని గోడవైపు తిప్పేశారు. వారం సాఫీగా నడిస్తే అది పాత సామాన్ల గదికి పోతుంది. అమ్మమ్మ మాత్రం గోడకీ బోర్డుకీ మధ్య చెయ్యి దూర్చి, తడుముకుంటూ బిళ్లలు తగిలిస్తూనే ఉంది.

"గోడకి చక్కిలిగిలి పెడుతున్నావా?" అని అడిగాను. ఆవిడ ఇంకో బిళ్ల అందుకుంది.

శుక్రవారం పొద్దున పన్నెండంతస్తుల భవనానికి ఇద్దరు వెళ్లారు. అక్కడ రెండు లిఫ్టులు, రెండింటికీ కలిపి ఒకటే మెయిన్ స్విచ్. కుడి లిఫ్టు తలుపు పని, మేమంతా బక్కోడని పిలిచే మెకానిక్కుది. ఎడమ లిఫ్టు కింద గోతిలో దిగింది మా మామయ్య, అమ్మమ్మ కొడుకే. గోతిలో లిఫ్టుని ఆపే మీట ఒకటుంటుంది. అది చెడిపోయిందనే ఆయన వెళ్లాడు, కాబట్టి కరెంటు వస్తే లిఫ్టు ఆయన మీదికి దిగొచ్చు.

పదకొండున్నరకి బక్కోడు ఫోను చేశాడు. "నా పనైపోయింది. ఇంకో చోటికి పోతున్నా."

నేను కార్డుని మూడో గడిలోకి జరిపాను. అమ్మమ్మ కళ్లజోడు తుడుస్తూ అడిగింది, "మీ మామయ్య గొంతు విన్నావా?"

"కార్డు అయిపోయినవాటిలో ఉంది."

"కార్డు సంగతి కాదు నేనడిగేది."

కార్డు తెరిచి చూశాను. ఆ భవనానికి ఉన్నది ఒకటే కార్డు. అందులో ఇద్దరు మనుషులున్నారు. కార్డుని వెనక్కి జరిపాను గానీ, వెళ్లిన మెసేజ్ వెనక్కి రాలేదు. మామయ్యకి ఫోను చేశాను. గోతిలో సిగ్నల్ ఉండదు. కాపలాదారు ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు. అతని కుర్చీ దగ్గర్నుంచి స్విచ్ గది మూడు మెట్లు దిగితే వస్తుంది. మెసేజ్ చూసి, ఫోను అక్కడే వదిలి ఇంకెక్కడికి వెళ్లి ఉంటాడు?

అమ్మమ్మ రెండు చేతులతో బోర్డుని ఇటు తిప్పింది. మామయ్య మేకు మీద చీటీ తీసి వెనక్కి తిప్పింది. ప్రతి చీటీ వెనకా ఆ చుట్టుపక్కలవాళ్ల నంబరొకటి రాసుకోవడం ఆవిడ అలవాటు. చాదస్తమని నేను నవ్వేదాన్ని. ఇక్కడ రాసింది కింది అంతస్తులోని పళ్ల డాక్టరు నంబరు. అక్కడి అమ్మాయి ఫోను ఎత్తింది.

"అమ్మాయీ, ఫోను అక్కడే పడేసి స్విచ్ గదికి పరుగెత్తు. ముట్టుకోవద్దని చెప్పు. లోపల మనిషున్నాడు. మాటలు తర్వాత."

కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఎవరి పళ్లో తోముతున్న యంత్రం గుయ్యిమంటూ ఉంది. అమ్మమ్మ రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడే ఉంది. మేనేజరు గుమ్మంలోకి వచ్చి మా మొహాలు చూసి అక్కడే ఆగిపోయాడు. నేను కంప్యూటరు వైపు చూడలేకపోయాను.

ఆ అమ్మాయి ఆయాసపడుతూ మళ్లీ ఫోనులోకి వచ్చింది. "కాపలాదారుని ఆపేశానండీ. చెయ్యి స్విచ్ మీదే ఉంది. వెయ్యలేదు."

"మంచిది తల్లీ. గోతి దగ్గరికెళ్లి మావాణ్ణి పిలిచి ఫోను చెయ్యమను."

నాలుగు నిమిషాలకి మామయ్య చేశాడు. "ఏంటమ్మా, ఎవరో పిల్ల వచ్చి గోతిలోకి కేకలేస్తోంది?"

"బయటికొచ్చావా?"

"రాకపోతే ఎలా మాట్లాడుతున్నాను?"

"ఆ మాట చెప్పు."

మామయ్య ఆఫీసు పద్ధతిలో అన్నాడు. "బయటికొచ్చాను మామ్మా."

బిళ్ల తీయబోతే ఆవిడ వేళ్లలోంచి జారి కింద పడింది. నేను తీసి ఇచ్చాను. 

మేనేజరు గొంతు సవరించుకుని, "ఎలా పేర్చాలని అది మళ్లీ అడుగుతుందా?" అన్నాడు నాతో.

"అడుగుతుంది."

పద్నాలుగు వరసలు పెట్టాను. దానంతటదే మెసేజ్ పంపే ఏర్పాటు పీకేశాను. నిజంగానే తెర పట్టలేదు. కిందికి జరుపుతుంటే అమ్మమ్మ నా భుజం మీదుగా ఒక్కో మనిషినీ బోర్డుతో సరిచూసుకుంటోంది.

"ఇంకా కిందికి," అంది. "బక్కోడు కనపడలేదు."