కొండమ్మ ఊపిరి

నా చిన్నప్పుడు శృంగవరపుకోట నుంచి కొండ మీదికి మా మావయ్య ఒక పాత బస్సు నడిపేవాడు. సెలవులొస్తే నేనూ అందులోనే పైకీ కిందికీ తిరిగేదాన్ని. తిరుగుదారిలో, దిగుడు మొదలయ్యే చోట బస్సు ఆపి, ఇంజిను కట్టేసి, బ్రేకు తొక్కి పట్టుకునేవాడు. "పిల్లలూ, ఊపిరి బిగబట్టి ఇనండి. కొండమ్మ ఊపిరి ఇనపడితే సెప్పండి. ఆ తల్లి ఇప్పుడే దిగొద్దంటన్నాదన్నమాట" అనేవాడు. బస్సంతా కిక్కురుమనేది కాదు. ముందుగా విన్న పిల్లకి పిప్పరమెంటు బిళ్ళ. ఇంకేముంది, వినపడకపోయినా వినపడిందనేవాళ్లం. ఆయన విసుక్కోకుండా ప్రతిసారీ దిగి చూసి వచ్చేవాడు.

ఇంజిను పక్కన ఏళ్ల తరబడి కూర్చుని ఆయన చెవులు మందగించాయనీ, బ్రేకు గొట్టంలోంచి గాలి పోతుంటే ఆ సన్నటి చప్పుడు మా చెవులతోనే పట్టేవాడనీ అప్పట్లో నాకు తెలియదు.

ఒకసారి మా అమ్మమ్మ, అంటే మావయ్యకి కన్నతల్లి, కింద శృంగవరపుకోట ఆసుపత్రిలో ఉంది. నన్ను పెంచింది ఆవిడే. మేం కొండపైకి చేరేసరికి అక్కడి టీకొట్టుకి ఫోనొచ్చింది. ఊపిరి అందటం లేదట, వెంటనే రమ్మన్నారు. మావయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా దిగుడు దగ్గర బస్సు ఆపాడు.

నాకు వినపడింది. వెనక చక్రం వైపు నుంచి, సన్నగా, సుయ్‌మని. చెబితే ఆలస్యమవుతుందని తెలుసు. అమ్మమ్మని చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా నోరు ఆగలేదు.

"ఇనపడింది మావయ్యా" అన్నాను.

"బిళ్ళ కోసం సెప్తన్నాది. పోనీరా బాబూ, కడసూపు కోసం అక్కడ నీ తల్లి కాసుకుని ఉంటే!" అని వెనక సీట్లో పెద్దాయన కసిరాడు. మావయ్య నా కళ్ళల్లోకి చూశాడు. చక్రాలకి రాళ్లు పెట్టించి, క్లీనరుని బ్రేకు తొక్కి పట్టుకోమని, సబ్బు నురగతో బస్సు కిందికి దూరాడు. గొట్టం పొడుగునా నురగ రాసుకుంటూ పోతే, వెనక చక్రం దగ్గర బుడగలు పొంగాయి. అక్కడ గొట్టం చీలి ఉంది.

సీటు కింద ఇంకో గొట్టం ఉంది గానీ, తుప్పుపట్టిన నట్టు ఎంతకీ కదల్లేదు. అది ఊడి, కొత్తది బిగించేసరికి పొద్దు వాలింది. "మళ్లీ ఇను తల్లీ" అన్నాడు మావయ్య. ఈసారి ఏమీ వినపడలేదు. అప్పుడు దిగాం.

మేం వెళ్లేసరికి అమ్మమ్మ మీద తెల్లగుడ్డ కప్పేశారు. చివరిదాకా గుమ్మం వైపే చూసిందట. ఎందుకింత ఆలస్యమని అందరూ మావయ్య మీద పడ్డారు. "బండి సెడిపోనాది" అన్నాడంతే. నా ఊసెత్తలేదు. పెద్దకర్మ అయ్యాక నన్ను పెరట్లోకి పిలిచి, అరచేతిలో ఒక బిళ్ళ పెట్టి వేళ్లు మూశాడు. "నిజిం సెప్పినావు" అన్నాడు. ఆ బిళ్ళ నాకు మింగుడు పడలేదు.

మావయ్యా పోయాడు, ఆ బస్సూ తుక్కులోకి పోయింది. ఇప్పటికీ ఏ బస్సెక్కినా కదిలే ముందు నేను ఊపిరి బిగబడతాను. ఇల్లు సద్దుమణిగితే చాలు, ఆ చప్పుడు మళ్లీ మొదలవుతుంది. అది గొట్టంలో గాలో, మా కోసం ఆగి ఆగి పోయిన అమ్మమ్మ ఊపిరో నాకు తెలియదు. భయమేస్తుంది. అయినా వినపడలేదని మాత్రం అనలేను.