పెద్దకోడలు తలపెట్టిన స్నానాలగది

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. బట్టలు కుడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె నమ్మకం. నోటికి కూడా అందులో వాటా ఉందని ఆమె ముఖం మీద చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను. దాని పక్కన పీట వేసుకుని ఏళ్ళ తరబడి బొత్తాలు కుట్టింది ఆమె అత్తగారు. కాజా పెద్దదైందని ఆవిడ, బొత్తామే చిన్నదని ఈమె, పొద్దున్నే మొదలుపెట్టేవారు. సాయంత్రం టీ గ్లాసుల దగ్గర ఆ పేచీ తెగేది. తెగడం ఇద్దరికీ ఇష్టం లేక మర్నాటికి కొంచెం దాచుకునేవారు.

అలాంటి అత్తగారు ఇప్పుడు పక్కవీధిలో చిన్నకోడలి ఇంట్లో ఉంది. కారణం మోకాళ్ళు. కత్తెరమ్మ ఇంట్లో పాతకాలపు మరుగుదొడ్డి. కింద కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. లేవాలంటే ఎవరో చెయ్యి అందించాలి, ఆ చెయ్యి ఎప్పుడూ కత్తెరమ్మదే. తడికి ఉబ్బిపోయిన తలుపు ఎలాగూ మూతపడదు కాబట్టి, చేతిలో పని పక్కన పడేసి బయటే నిలబడి, "అయిందా అత్తయ్యా?" అని అడుగుతూ ఉండేది. తనంత బాగా ఆవిణ్ణి చూసుకునేవాళ్ళు ఈ భూమ్మీద లేరని ఆమె ధీమా.

ఈలోగా చిన్నకోడలు తన ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే కమోడ్ పెట్టించింది. గోడకు పట్టుకుని లేవడానికి స్టీలు కమ్మీ, పైన వేడినీళ్ళ షవరు, నేల మీద కాలు జారని టైల్స్. పెట్టించి ఊరుకుందా? "కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండండి అత్తయ్యా" అంది. అత్తగారు ఒక సంచిలో బట్టలు సర్దుకుని వెళ్ళింది. తర్వాత ఇంకో సంచి కోసం కబురు పంపింది. ఆ రెండో సంచి సర్దుతుంటే కత్తెరమ్మ కడుపులో ఎవరో కుంపటి పెట్టినట్టైంది.

అసూయను అసూయ అనే అనాలి, ఇంకో పేరు పెడితే అది చల్లారదు. మిషను తొక్కుతున్నంతసేపూ ఆమె కళ్ళముందు ఒకటే బొమ్మ: చిన్నది అత్తగారి వీపు రుద్దుతోంది, చెయ్యిపట్టి లేపుతోంది, ఈవిడ "నా తల్లే" అంటోంది. ఆ బొమ్మ చూస్తూ ఒక పెద్దమనిషి చొక్కాకు రెండు చేతులూ ఒకవైపే కుట్టేసింది. విప్పుతూ తోడికోడల్ని తిట్టుకుంది.

"మనమూ స్నానాలగది బాగుచేయిస్తున్నాం" అని ఒకరోజు మొగుడితో అంది.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు..." అని ఆయన మొదలుపెట్టాడు. ఆమె తల ఎత్తి చూసింది. సామెత సగంలోనే ఆగిపోయింది.

ఇంట్లో మేస్త్రి అడుగుపెట్టడం అదే మొదటిసారి. కత్తెరమ్మకు గోడల సంగతి తెలియదు, తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. మెడలోని టేపు తీసి నాలుగు గోడలూ తనే కొలిచింది. "నడుం దగ్గర కాస్త లూజు వదులు" అంది. మేస్త్రి గోడకు నడుం ఎక్కడుంటుందా అని కాసేపు వెతుక్కున్నాడు. చిన్నదాని ఇంట్లో ఒక కమ్మీ ఉంటే ఇక్కడ రెండుండాలి. అక్కడ టైల్స్ భుజం ఎత్తుకు ఉంటే ఇక్కడ కప్పు దాకా పోవాలి. అక్కడ తెలుపైతే ఇక్కడ లేత నీలం.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. గది ఇరుకు. కమోడ్ పెడితే తలుపు లోపలికి తెరుచుకోదు. బయటికి తెరుచుకునేలా కొత్త తలుపు చేయించాలి" అన్నాడు మేస్త్రి.

కత్తెరమ్మ ముఖం వెలిగింది. "తలుపే వద్దు. నేను పరదా కుడతాను."

తలుపు ఎవరైనా పెట్టించుకుంటారు. తన చేత్తో కుట్టిన పరదా చిన్నదాని ఇంట్లో ఎక్కడిది? పైగా అత్తయ్య లోపలున్నప్పుడు అలా చెయ్యి చాపితే అందుతుంది. దళసరి నీలిగుడ్డ తెచ్చి, అంచుకు పూలు కుట్టి, నాలుగు మడతలు పెట్టి చంకన పెట్టుకుని చిన్నకోడలి ఇంటికి బయల్దేరింది.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. కత్తెరమ్మ పరదాను ఆవిడ ఒళ్ళో పరిచి, టైల్స్ రంగు దగ్గర్నుంచి రెండు కమ్మీల దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "ఇదిగో, గుమ్మానికి ఇది. ఇక వచ్చేస్తారా?"

అత్తగారు పూల అంచును వేలితో తడిమి చూసింది. "కుట్టు బాగుందే పెద్దదానా. వస్తాను, ఎందుకు రానూ? కాకపోతే నాకో గడియ కావాలి."

"అలాగే" అంది కత్తెరమ్మ, నవ్వు ముఖం పెట్టుకుని. వీధి మలుపు తిరిగేసరికి ఆ నవ్వు రాలిపోయింది. గడియా? ఆలోచించుకోవాలా? రా అనగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టాల్సిన మనిషికి ఇప్పుడు గడువు కావాల్సి వచ్చింది! ఇక్కడి సుఖం, అక్కడి సుఖం తూకం వేసుకుంటోందన్నమాట. చిన్నది ఎంత మందు పెట్టిందో!

గడియ కాదు, రోజులు గడిచాయి. కబురు లేదు. పని మొదలుపెట్టమంటారా అని మేస్త్రి రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళాడు. ఆమె మింగలేక కక్కలేక ఊరుకుంది. మూడోసారి అతను గుమ్మంలో కనబడేసరికి మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి పక్కవీధికి నడిచింది.

"గడియ అడిగారు. ఇచ్చాను" అంది, వెళ్ళిన పళంగా అత్తగారి ముందు నిలబడి. "ఇంకా ఎన్ని గడియలు కావాలి మీకు?"

అత్తగారు తెల్లబోయి చూసింది. "ఎన్నెందుకే? ఒక్కటి చాలు. లోపలివైపు."

కత్తెరమ్మకు వెంటనే అర్థం కాలేదు. అత్తగారు చేత్తో గడియ వేస్తున్నట్టు చూపించింది. "నేను అడిగింది తలుపు గడియ! పరదాకి గడియ ఎక్కడ పెడతావే? అప్పుడు తలుపు మూతపడేది కాదు, సర్దుకున్నాను. లేవలేనిదాన్ని, వద్దనలేను. నువ్వు బయట నిలబడి అయిందా అయిందా అంటుంటే నాకు వచ్చేది కూడా వచ్చేది కాదు. ఇక్కడ గడియ వేసుకుని కూర్చుంటాను. అంతే, ఇంకే సుఖమూ లేదు."

చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "నన్ను గడప తొక్కనివ్వరక్కా. నీళ్ళు సరిపోయాయా అని అడిగినా కసురుతారు" అంది.

వీపు రుద్దడాలు, నా తల్లే అనడాలు, అన్నీ ఉత్తివే. కత్తెరమ్మకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. సిగ్గు మాత్రం ఆ రెంటికన్నా ముందే వచ్చింది. అయినా ఒక్క పట్టున వదిలే మనిషి కాదు గదా. "గడియ వేసుకుని లోపల పడిపోతే? అప్పుడు?"

"పడితే కేకేస్తాను. నువ్వు తలుపు బద్దలుకొట్టుకుని రావూ?"

ఆ మాటకు కత్తెరమ్మ గుండె ఎంత ఉబ్బిందంటే, తోడికోడలు వింటోందని కూడా మర్చిపోయింది. "సరే. తలుపు పెట్టిస్తాను. లోపల గడియ పెట్టిస్తాను. అయితే వచ్చేస్తారుగా?"

"వస్తాను."

వంటింటి గుమ్మంలో చిన్నకోడలు కొంగు చేతిలోకి తీసుకుంది. చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"మొన్న ఇక్కడే అత్తయ్యకు మోకాలు పట్టు తప్పిందక్కా" అంది మెల్లగా. "లోపల్నుంచి పెద్దదానా, పెద్దదానా అని ఒకటే కేక. తలుపు బయటే ఉన్నాను నేను."