ఎర పట్టే పొట్టి కర్ర

హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే అతనికి వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజూ పద్దెనిమిదేళ్ళుగా బావ పాలే. ఆరు రోజులు ఆవిరి యంత్రం ముందు నిలబడి నిలబడి పిక్కలు కట్టెల్లా బిగుసుకుపోయిన మనిషి, ఏడోనాడు వెలుగు రేఖ కనిపించేసరికి లేచి, రెండు కయాక్‌లను బావ కారు మీదికెత్తి తాళ్ళు బిగించేవాడు. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి తెడ్డు పడవ. ఒకటి బావది, పెద్ద చేపను పట్టడానికి. రెండోది ఇతనిది, ఆ పెద్ద చేపకు ఎరగా వేసే చిన్న చేపలను పట్టడానికి.

బావ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పక్కసీట్లో కూర్చుని ఎదుటివాడి చేత బండి నడిపించడం అలవాటైపోయిన మనిషి. నీళ్ళ మీదా అదే వరస. ఎరలు పడేదాకా వెనక్కి వాలి టీ తాగుతూ, అటు కాదురా ఇటు, ఇంకొంచెం కిందికి అని చెబుతుండేవాడు. పెద్ద చేప పడితే ఫొటో బావది. గాలాల కొట్టు గోడ మీద అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఒకదాంట్లో ఓ మూల ఇతని మోచెయ్యి పడింది. కొట్టుకు వెళ్ళినప్పుడల్లా అక్క దాన్ని చూపించి, మా తమ్ముడూ ఉన్నాడు అదిగో అని మురిసిపోయేది.

రానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అమ్మ పోయాక పెరిగింది అక్కా బావల ఇంట్లోనే. అన్నేళ్ళలో బావ ఒక్కనాడూ తిండి దగ్గర మాట అనలేదు.

ఎర పట్టడం చూసినంత తేలిక కాదు. ఒకే దారానికి ఆరు చిన్న గాలాలు వేలాడుతుంటాయి. చేపల గుంపు మీదికి దాన్ని దించి, మెల్లగా పైకీ కిందికీ ఆడించాలి. మొదట్లో బావ తన పాత గాలపు కర్ర ఇచ్చాడు. పొడుగూ, బిరుసూ. లాగితే చిన్న చేపల మూతులు చిరిగి జారిపోయేవి. నీళ్ళమట్టానికి కూర్చున్నవాడు అంత పొడుగు కర్ర ఎత్తితే గాలాలన్నీ గాలికి ఊగి చొక్కా పట్టుకునేవి, టోపీ పట్టుకునేవి, ఒకసారి చెవితమ్మే పట్టుకున్నాయి. తర్వాత ఇతనే దారం, గాలాలు లోపలికి దాక్కునే బోలు కర్ర కొన్నాడు. పెద్ద పడవలో నిలబడేవాళ్ళకు అది బంగారమేగానీ కయాక్‌లో బరువు, పైగా లోపల ఉప్పు పేరుకుని దారం ఇరుక్కునేది. ఆఖరికి తన ఛాతీ ఎత్తు మించని, కొస మెత్తగా వంగే కర్ర దగ్గర ఆగాడు. ఆరు గాలాల దారాన్ని సగానికి కోసి మూడే ఉంచుకున్నాడు.

సగం గాలాలు పారేస్తే సగం చేపలేగా అని కొట్టాయన నవ్వాడు. చిక్కు తీసుకునే వేళలో ఇంకో మూడు పడతాయని ఇతను చెప్పాడు. ఆ తర్వాత కొట్టాయన కూడా అలాగే కోసి అమ్మడం మొదలుపెట్టాడు. బావకు మాత్రం ఇదేదీ పట్టలేదు. పట్టినవాటిని వేసుకునే నీళ్ళ తొట్టిలో ఎరలు ఉన్నాయా లేదా, అంతే.

పోయినేడు బావకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక వచ్చిన మొదటి సెలవునాడు అతను పదింటిదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. లేచాక, హాయిగా ఉందని తోచినందుకు తనమీద తనకే రోత పుట్టింది. ఆ మధ్యాహ్నం నుంచి సెలవులన్నీ బావ చేత వ్యాయామం చేయించడానికే సరిపోయాయి.

ఐదు నెలలకు డాక్టరు, ఒడ్డు దగ్గరే, తోడు ఉంటేనే అని షరతు పెట్టి మళ్ళీ చేపలకు వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. బావ ఇంట్లో పెద్ద కర్ర అందుకున్నాడు. అది వేళ్ళలోంచి జారి నేలమీద పడింది. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పని దిగగానే అతను కొట్టుకు వెళ్ళి, పొట్టి కర్రలన్నీ ఒక్కొక్కటే ఎడమచేత్తో పట్టుకుని చూశాడు. ఈక బరువు ఉన్నదాన్ని ఎంచి, పిడికి సైకిలు హ్యాండిల్ రబ్బరు తొడిగాడు. దారానికి రెండే గాలాలు ఉంచాడు.

సెలవునాడు రెండు కయాక్‌లనూ పక్కపక్కన కట్టేసి బావను నీళ్ళమీదికి తీసుకెళ్ళి, ఆ కర్ర ఎడమచేతిలో పెట్టాడు. మొదటి గంటలో బావకు పడింది తన చొక్కా చెయ్యే. రెండుసార్లు చేప తగిలీ జారిపోయింది. మెల్లగా ఎత్తమని ఇతను చెబితే, తెలుసులేరా అని కసిరాడు. ఎండెక్కాక వేలెడు చేప ఒకటి వెండిలా తళుక్కుమంటూ పైకొచ్చింది. దాన్ని గాలం నుంచి తప్పించేసరికి బావ నుదురంతా చెమట.

దాన్ని తొట్టిలో వేసి, “ఇంత కష్టమని ఎప్పుడూ చెప్పలేదేంరా?” అన్నాడు.

“నువ్వు అడగలేదు బావా.”

బావ తన గాలాలు మళ్ళీ నీళ్ళలోకి దించాడు. “ఇవాళ పెద్ద కర్ర నువ్వు పట్టు. నేను ఎరలు అందిస్తా,” అన్నాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆ మాట వినుంటే అతను ఎగిరి గంతేసేవాడేమో. ఇప్పుడు వెతికి చూసుకున్నా లోపల ఆ కోరిక ఎక్కడా కనిపించలేదు.

“నాకొద్దు బావా. కాసేపు కళ్ళు మూసుకుంటా, అది చాలు.”

“పడుకో. నేను చూస్తుంటాలే.”

టోపీ మొహమ్మీదికి లాక్కుని వెనక్కి వాలాడు. మెలకువ వచ్చేసరికి బావ తొట్టిలో ఏడు ఎరచేపలు తిరుగుతున్నాయి. వాటితో చేసే పనేమీ లేదు. బావ ఎడమచేత్తో తొట్టి వంచి వాటిని వదిలేశాడు. ఫొటో తీయనా అని ఇతను అడిగితే వద్దన్నాడు.

ఆ రోజు నుంచి వారం విడిచి వారం వెళ్తున్నారు. వెళ్ళని వారం వాణ్ణి లేపొద్దని బావే అక్కకు గట్టిగా చెప్పాడు. అయినా అలవాటు చావక అతనికి చీకటుండగానే మెలకువ వచ్చేస్తుంది. లేవడు. ఒక పిక్క మీద ఇంకో కాలు ఆనించుకుని, ఎండ గోడ మీదికి వచ్చేదాకా అలా పడుకునే ఉంటాడు.