అయిన టైమే టైము

మా సార్ పోయారు. మొన్న పొద్దున కోరుట్లలో, ఇంట్లోనే గుండె ఆగిందని ఫోన్ వచ్చింది. "సరే" అన్నాను. బస్సెక్కి వెళ్లాను, చూశాను. ఏడుపు రాలేదు. సార్ భార్య నా చెయ్యి పట్టుకుని, "బువ్వ తిన్నవా బిడ్డా?" అంది. పెడితే తిన్నాను కూడా. ఏమీ అనిపించకపోవడమే నా బాధ.

నాకు పని నేర్పింది ఆయనే. జగిత్యాలలో మాది చిన్న ఆఫీసు. సిరిసిల్ల షెడ్లలో మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు, ఎప్పుడు నడిచాయో, ఎప్పుడు ఆగాయో చూసే వెబ్ అప్లికేషన్ మాది. అది చేసిన ప్రతి పనినీ ఒక్కో వరుసగా రాసుకుంటుంది. వాటినే లాగ్స్ అంటాం. అవి షెడ్డు కంప్యూటర్ నుంచి మా సెర్చ్ ఇంజన్‌కు వస్తాయి. తేడా వస్తే అక్కడ వెతుకుతాం.

సార్ టీలో బిస్కెట్ ముంచి, స్క్రీన్ చూస్తూ మరిచిపోయేవారు. అది విరిగి పడ్డాక చెంచా కోసం వెతికేవారు. రోజూ ఇదే తంతు.

ఒకసారి ఒక షెడ్డులో పొద్దున పోయిన నెట్ సాయంత్రం వచ్చింది. ఆగిన లాగ్స్ అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. మగ్గాలన్నీ ఆ నిమిషమే ఆగినట్టు కనిపించింది. కంగారుపడి షెడ్డు ఆసామికి ఫోన్ చేశాను.

"పొద్దుగాల కరెంటు పోయి ఆగినయ్ బిడ్డా. గిప్పుడు సాంచాలు మంచిగనే నడుస్తున్నయ్. నువ్వు ఇప్పుడు లేచినవా ఏంది?" అన్నాడు.

సార్ నవ్వి, నా పక్కన కూర్చుని మార్పించారు. "అచ్చిన టైము కాదు, అయిన టైము పెట్టాలె. ఆలస్యంగ అచ్చినా దాని జాగల అది కూసోవాలె."

పోయే ముందురోజు సార్ సిరిసిల్లలోనే ఉన్నారు. ఒక షెడ్డులో నెట్ లేదు. అక్కడి కంప్యూటర్ బాగుచేసి నాకు ఫోన్ చేశారు. "లైనోళ్లు రెండు మూడు దినాలల్ల అస్తరంట. లాగ్స్ గాడ్నే ఆగుతయ్. పరేషాన్ గాకు." నాతో అన్న ఆఖరి మాటలు అవే.

ఇవాళ మధ్యాహ్నం ఆ షెడ్డుకు నెట్ వచ్చింది. ఆగినవన్నీ వచ్చాయి. మా స్క్రీన్‌లో కొత్తవి పైన, పాతవి కింద ఉంటాయి. పైన సార్ లేరు. కిందికి జరుపుతూ వెళ్లాను. నిన్న దాటింది. సార్ పోయిన పొద్దు దాటింది. దాని కింద, అంతకుముందు సాయంత్రంలో, సార్ లాగిన్‌తో, ఆయనే టైప్ చేసిన ఒక వరుస ఉంది.

"టెస్ట్. అంత మంచిగున్నది. ఇంటికి పోతున్న."

అప్పుడొచ్చింది ఏడుపు. ఆ వరుస మాత్రం ఆ సాయంత్రంలోనే ఉంది, సార్ ఇంకా ఇంటికి పోతూ.